100 కేవీఏ డీటీఆర్: 50% లోడ్ దగ్గర మాత్రమే లాసులు లిమిట్ దాటుతున్నాయి

ప్రశ్న | వైండింగ్‌షెడ్

మా డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ (డీటీఆర్) 100 కేవీఏ, 11 కేవీ/433 వోల్టులు, డీవైఎన్11 (హెచ్‌వీ, అంటే హైవోల్టేజీ వైపు డెల్టా; ఎల్‌వీ, అంటే లోవోల్టేజీ వైపు స్టార్), అల్యూమినియం వైండింగు. ఆర్డరు ఐఎస్ 1180 (పార్ట్ 1) 2014 (ఈ ట్రాన్స్‌ఫార్మర్ల భారతీయ ప్రమాణం), లెవల్ 2. అంటే మొత్తం లాసులు (లోపలే వృథా అయ్యే పవర్) 50% లోడ్ దగ్గర 475 వాట్లు, 100% దగ్గర 1,650 వాట్లు దాటకూడదు. పూర్తి లోడ్ దగ్గర బోలెడు మార్జిన్ ఉంది, సగం లోడ్ దగ్గరే 2 వాట్లు తప్పుతోంది. రీడింగులు ఇవి:

నో-లోడ్ లాస్, అంటే లోడు లేకున్నా కోర్‌లో పోయేది, 132 వాట్లు (ఎల్‌వీ నుంచి 433 వోల్టులు, హెచ్‌వీ ఓపెన్).
రెసిస్టెన్స్: హెచ్‌వీ లైన్-టు-లైన్ 15.2 ఓములు, ఎల్‌వీ లైన్-టు-లైన్ 18.6 మిల్లీఓములు.
లోడ్ లాస్ (లోడ్ కరెంటు వల్ల పోయేది): ఎల్‌వీ షార్ట్ చేసి హెచ్‌వీకి దాదాపు 495 వోల్టులు ఇచ్చి 5.25 ఆంపియర్ల దగ్గర 1,199 వాట్లు.
టెంపరేచర్ 31 డిగ్రీలు (టెస్ట్ హాల్లో థర్మామీటరు).

లిమిట్‌తో పోల్చే 75 డిగ్రీలకు మారిస్తే లోడ్ లాస్ 1,381. సగం కరెంటుకు అందులో నాలుగో వంతు 345, నో-లోడ్‌తో కలిపి 477. ఎల్‌వీ మూడు ఫేజులనూ 50 చ.మి.మీ. రాగి కేబుల్ ముక్కలతో, ఒక్కోటి మీటరు పొడవు, ఒకే బోల్టుకు కలిపి షార్ట్ చేశాం. మీటరు ముందు 0.5 క్లాస్ సీటీలు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) ఉన్నాయి. డిస్కం వాళ్ల ఇన్‌స్పెక్షన్‌కు ముందు ఎక్కడ చూడాలి? డిజైన్ మార్చాల్సిందేనా?

జవాబు | మిల్లీఓం

డిజైన్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు ఆ 31 డిగ్రీలు వదిలేయండి, అది గది టెంపరేచరు, వైండింగ్‌ది కాదు. కోర్-కాయిల్‌ను ఓవెన్లోంచి తీసి, ట్యాంకులో దించి, ఆయిల్ పోశాక కాయిల్ లోపల వేడి అంత తొందరగా దిగదు. సప్లై ఇవ్వకుండా కనీసం 3 గంటలు ఆయిల్లో ఉంచి, పైనా కిందా ఆయిల్ టెంపరేచర్ తీసుకుని వాటి సగటు వేయాలి. ఓవెన్ నుంచి వచ్చిన పూటే అయితే 3 గంటలు చాలవు, పైకీ కిందకీ తేడా తగ్గేదాకా ఆగండి.

దీని బరువెంతో మీ అంకెల్లోనే చూడొచ్చు. స్టారైనా డెల్టా అయినా మూడు ఫేజుల ఐ-స్క్వేర్-ఆర్ (వైండింగ్ రెసిస్టెన్స్‌లో పోయే లాస్) = 1.5 × లైన్ కరెంటు వర్గం × లైన్-టు-లైన్ రెసిస్టెన్స్. హెచ్‌వీ 628, ఎల్‌వీ 496, మొత్తం 1,124 వాట్లు. 1,199లో మిగిలిన 75 వాట్లు స్ట్రే, అంటే లీకేజీ ఫ్లక్స్ వల్ల పోయేది. 75 డిగ్రీలకు మార్చే ఫ్యాక్టరు అల్యూమినియానికి (225+75)/(225+31) = 1.172. వైండింగు నిజానికి 34 డిగ్రీల్లో ఉంటే అదే ఫ్యాక్టరు 1.158, లోడ్ లాస్ 1,367, సగం లోడ్ మొత్తం 474. మూడు డిగ్రీలతోనే పాస్-ఫెయిల్ తారుమారు. స్ట్రే లాస్‌ను మాత్రం ఫ్యాక్టరుతో భాగించాలి, గుణించకూడదు. కొన్ని ఎక్సెల్ షీట్లలో 225 బదులు రాగి అంకె 235 అలాగే ఉండిపోతుంది, అదీ ఒకసారి చూడండి.

రెసిస్టెన్స్ పొద్దున, లోడ్ లాస్ మధ్యాహ్నం తీస్తే దేని టెంపరేచర్ దానిదే.

జవాబు | షార్టింగ్‌లింక్

ఆ కేబుల్ ముక్కలు తీసేయండి. 50 చ.మి.మీ. రాగి మీటరుకు 0.35 మిల్లీఓం. 133.3 ఆంపియర్ల దగ్గర 3 × 17,780 × 0.00035, అంటే దాదాపు 19 వాట్లు కేబుల్‌లోనే పోతున్నాయి, లగ్గుల (కేబుల్ చివర బిగించే ముక్కల) కాంటాక్ట్ రెసిస్టెన్స్ పైమాట. మీ 75 వాట్ల "స్ట్రే"లో నాలుగో వంతు ట్రాన్స్‌ఫార్మర్‌ది కానే కాదు. బుషింగ్ స్టడ్‌ల దూరానికి సరిగ్గా రంధ్రాలు పెట్టిన మందపాటి రాగి ఫ్లాటు ఒకటి చేయించండి, కాంటాక్ట్ ముఖాలు ఎమరీ కాగితంతో రుద్దండి, నట్టు రెండు వైపులా బిగించండి. టెస్టు అవగానే సప్లై తీసి, ఎర్త్ చేసి, మూడు స్టడ్‌లూ ముట్టుకుని చూడండి. ఒకటి మిగతా రెండింటికన్నా వేడిగా ఉంటే కాంటాక్ట్ అక్కడే బాగాలేదు.

కేబుల్ ఉంచి 19 వాట్లు కాగితం మీద తీసేద్దామని కొందరంటారు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. లగ్గు రెసిస్టెన్స్ బిగింపు బిగింపుకీ మారుతుంది.

జవాబు | పాత_వాట్‌మీటర్

ఇద్దరూ సీటీ సంగతి వదిలేశారు. ఈ టెస్టులో పవర్ ఫ్యాక్టరు 1,199 / (1.732 × 495 × 5.25), సుమారు 0.27. 0.5 క్లాస్ సీటీకి రేటెడ్ కరెంటు దగ్గర 30 మినిట్ల (అర డిగ్రీ) ఫేజ్ ఎర్రర్ దాకా అనుమతి ఉంది. ఈ పవర్ ఫ్యాక్టరులో అది వాట్లలో 3 శాతానికి పైమాటే, మీ రీడింగులో 38 వాట్ల దాకా ఎటైనా పోవచ్చు. మీకు అనుకూలంగా కూడా పోవచ్చు, గొడవ డిస్కం ల్యాబులో బయటపడుతుంది. 5.25 ఆంపియర్లకు, 495 వోల్టులకు అసలు సీటీ, పీటీ (వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్) ఎందుకు? పవర్ ఎనలైజర్‌కు నేరుగా కలపండి, మూడు వాట్‌మీటర్ల పద్ధతిలో. రెండు వాట్‌మీటర్లతో ఈ పవర్ ఫ్యాక్టరులో ఒకటి మైనస్ చూపుతుంది, పెద్ద అంకెలోంచి పెద్ద అంకె తీసివేసి చిన్న అంకె రాబట్టడం ఎప్పుడూ ప్రమాదమే.

కరెంటు ఒక ఫేజు చూసి పెట్టకండి, మూడింటి సగటు 5.249కి తేవాలి. కరెంటు 2% ఎక్కువైతే వాట్లు 4% ఎక్కువ.

ఇంకొకటి. సగం లోడ్ లెక్కలో నో-లోడ్ లాస్‌లో ఒక వాటు లోడ్ లాస్‌లో నాలుగు వాట్లతో సమానం. అందుకే ఆ 132ను కూడా అనుమానించండి. వోల్టేజీని సగటు విలువ చూపే వోల్ట్‌మీటరుతో పెట్టారా, ఆర్‌ఎంఎస్‌తోనా? వేరియాక్ నుంచి వచ్చే వేవ్ వంకరగా ఉంటే రెండూ కలవవు. వోల్టేజీ 1% ఎక్కువ పెడితే లాస్ 2 శాతానికి పైనే పెరుగుతుంది. మధ్య లింబు ఫేజులో నో-లోడ్ కరెంటు తక్కువ రావడం మామూలే, దానికి కంగారు పడొద్దు.

వైండింగ్‌షెడ్

రాత్రంతా ఆయిల్లో వదిలేసి, రాగి ఫ్లాటు వేసి, సీటీలు తీసి మళ్లీ చేశాం. సగటు ఆయిల్ 29 డిగ్రీలు. హెచ్‌వీ 14.9 ఓములు, ఎల్‌వీ 18.2 మిల్లీఓములు, లోడ్ లాస్ 1,158 వాట్లు. 75 డిగ్రీలకు 1,349. సగటు విలువ వోల్ట్‌మీటరుతో పెట్టినా నో-లోడ్ 132 దగ్గరే ఉంది. సగం లోడ్ మొత్తం 469. లాట్ మొత్తం ఇలాగే పంపొచ్చా?

జవాబు | మిల్లీఓం

ఈ ఒక్కటీ పంపొచ్చు. ఐఎస్ 1180 లాసుల మీద ప్లస్ టాలరెన్స్ ఇవ్వదు కాబట్టి 6 వాట్ల మార్జిన్‌తో లాట్ అంతా గట్టెక్కుతుందని అనుకోకండి. ప్రతి పీసుకూ ఎల్‌వీ మూడు జతల రెసిస్టెన్స్ పక్కపక్కన రాయండి. ఏదో ఒక ఫేజు కలిసే రెండు జతలు మాత్రమే ఎక్కువ వస్తే ఆ ఫేజు లీడు జాయింటు విప్పి చూడాలి. మూడూ సమానంగా ఎక్కువైతే కండక్టర్ సైజు మైక్రోమీటరుతో కొలవండి, ఇన్సులేషన్ తీసి.

జవాబు | షార్టింగ్‌లింక్

హైవోల్టేజీ టెస్టులయ్యాక (హెచ్‌వీకి 28 కేవీ, ఎల్‌వీకి 3 కేవీ నిమిషం చొప్పున, తర్వాత ఎల్‌వీకి రెట్టింపు వోల్టేజీ ఇచ్చే ఇండ్యూస్డ్ టెస్టు 866 వోల్టులు 100 హెర్ట్జ్‌లో నిమిషం) నో-లోడ్ మళ్లీ ఒకసారి తీయండి. 132 ఉన్నది 140 అయితే లాస్ సంగతి పక్కన పెట్టి, కాయిల్లో టర్ను (చుట్టు) షార్టయిందేమో చూడాలి.