నాన్నగారి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోంది, ఎవరికి చూపించాలి?

మా నాన్నగారికి 58, బీపీ ఉంది, మనిషి కాస్త లావు. గురక ఎప్పట్నుంచో ఉన్నదే గానీ ఈమధ్య గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి సైలెంట్ అయిపోతున్నారు, పొట్ట కదులుతుంటుంది కానీ ఊపిరి ఆడదు, తర్వాత ఉక్కిరిబిక్కిరై గట్టిగా గాలి పీల్చి మళ్లీ మొదలెడతారు. అమ్మ నిద్ర మానేసి ఆయన్నే చూస్తూ కూర్చుంటోంది. పగలు పేపర్ చేతిలో ఉండగానే కునుకు. ముక్కు మీద అంటించే స్ట్రిప్స్ పనిచేస్తాయా? ఆపరేషన్ అంటే ఆయనకి భయం.

రిప్లై 1:
స్ట్రిప్స్ ముక్కు దిబ్బడకి కొంచెం పనికొస్తాయండి, కానీ మీరు చెప్పేది చూస్తే స్లీప్ ఆప్నియా లాగుంది, అంటే నిద్రలో గొంతు దగ్గర గాలి దారి మూసుకుపోవడం, బీపీ కూడా ఉంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) గానీ ఈఎన్‌టీ గానీ చూస్తారు. ముందు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, చాలామందికి ఇంట్లోనే అయిపోతుంది, వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్న గొట్టం, అంతే. రిపోర్ట్‌లో ఏహెచ్ఐ అని గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో ఉంటుంది: 5 లోపు నార్మల్, 5 నుంచి 15 దాకా మైల్డ్, 15 దాటితే మోడరేట్, 30 దాటితే సివియర్. అమ్మగార్ని ఫోన్లో వీడియో తీయమనండి, డాక్టర్‌కి బాగా పనికొస్తుంది.

రిప్లై 2:
మా వారు ఇదే సమస్యకి సీపాప్ వాడుతున్నారు, అంటే నిద్రలో మాస్క్ ద్వారా గాలి ఒత్తిడితో పంపి గొంతు దారి తెరిచి ఉంచే మెషిన్. మెషిన్ కన్నా మాస్క్ ముఖ్యం తమ్ముడూ. ఈయనకి గుబురు మీసం, మాస్క్ అంచు ఆనక గాలి కళ్లలోకి కొట్టేది, రాత్రి విసుగొచ్చి పీకేసేవారు. ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే చిన్న రకం మార్చాక కుదిరింది, నోరు ఎండిపోతుంటే గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ పెట్టించాం. వెంటనే కొనెయ్యకండి, అద్దెకి ఇస్తారు, అలవాటయ్యాక చూసుకోవచ్చు. ఒకటి మాత్రం నాన్నగారికి ముందే చెప్పండి, పెట్టుకున్నన్నాళ్లే పనిచేస్తుంది, మానేస్తే మళ్లీ మామూలే.

రిప్లై 3:
నేను డెంటిస్ట్‌ని. మైల్డ్, మోడరేట్ వాళ్లకి కింది దవడని కాస్త ముందుకి పట్టి ఉంచే మౌత్‌పీస్ చేస్తాం, పళ్లు గట్టిగా ఉండాలి, మొదట్లో పొద్దున్నే దవడ నొప్పి ఉంటుంది. రెడీమేడ్‌వి కొనొద్దు. ఆపరేషన్ అందరికీ అక్కర్లేదండి, టాన్సిల్స్ పెద్దగా ఉండటం లాంటి కారణం కనబడితేనే ఆలోచిస్తారు. ఈలోపు పక్కకి తిరిగి పడుకోమనండి, బరువు తగ్గితే చాలా తేడా వస్తుంది, రాత్రి మద్యం అలవాటుంటే ఆపాలి, నిద్రమాత్రలు సొంతంగా అస్సలు వేసుకోవద్దు.

అడిగినవారు:
థాంక్యూ అండి అందరికీ. అమ్మ నిన్న వీడియో తీసింది, చూస్తే నాన్నే భయపడి డాక్టర్ దగ్గరికి వస్తానన్నారు. ఆయన రోజూ బండి మీదే ఆఫీసుకి వెళ్తారు, పర్లేదా?

రిప్లై 1:
వద్దండి, పగలు అలా కునుకు పడుతున్నప్పుడు బండి ఇవ్వకండి. ట్రీట్‌మెంట్ కుదిరేదాకా మీరే దింపండి, లేదా ఆటో.