హైదరాబాద్ బోరబండలో మా పోర్షన్లు కూల్చి హాస్టల్ కడతారట, ఎవరైనా ఆపగలిగారా?

రేకులగది: వరసగా ఆరు పోర్షన్లు, ఒక్కోటి 4,500. ఆటో తోలేవాళ్లం, ఇళ్లల్లో పని చేసేవాళ్లం. దసరా దాటగానే ఖాళీ చేయమన్నారు. ఈ అద్దెకి చుట్టుపక్కల గది లేదు. ఓనర్‌తో మాట్లాడి ఇలాంటి ఇల్లు నిలబెట్టుకున్నవాళ్లు ఉంటే ఎలాగో చెప్పండి.

పాతటూలెట్: సిద్ధిక్‌నగర్‌లో మాకూ ఇదే అయింది. గదిలో నాలుగు మంచాలేసి మంచానికి ఇంత అని తీసుకుంటుంటే మన 4,500 వాళ్ల కంటికి ఆనుతుందా?

కోర్టుమెట్లు: 22 ఏళ్లుగా అద్దె కేసులు చూస్తున్నవాణ్ణి. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది, కారణం చూపకుండా ఖాళీ చేయించలేరు. భయపడకండి.

మూడోఅంతస్తు: సార్, కార్పొరేషన్ పరిధిలో అద్దె 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. 2005లోనే సవరించారు. కట్టి 15 ఏళ్లు నిండని ఇంటికీ అంతే. 3,500కి ఇప్పుడు ఊళ్లో చెప్పులు విడిచే చోటు కూడా రాదు.

కోర్టుమెట్లు: ఆ సంగతికే వస్తున్నాను, మధ్యలో అందుకుంటే ఎలా? అప్పుడు ఆస్తి బదిలీ చట్టం కింద నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసు ఇవ్వాలి.

మూడోఅంతస్తు: ఇంతకుముందు భయపడొద్దన్నారు, ఇప్పుడు 15 రోజులంటున్నారు!

ఇంటాయన: అందరికీ ఓనరే దొంగ. మోటారు కాలితే ఎవరు బాగుచేయిస్తారు? మీటరు ఒక్కటే, అన్ని పోర్షన్లదీ కలిపి నెలకి 800 యూనిట్లు దాటుతుంది. అందుకే సబ్ మీటర్‌కి యూనిట్ 10 తీసుకుంటాను. తప్పా?

పాతటూలెట్: 10 రూపాయలు 800 దాటిన యూనిట్లకే. మొదటి 200కి 5.10. ఆ లెక్క మాకు రాదనుకున్నారా?

ఇంటాయన: ఫిక్స్‌డ్ చార్జీ మీ తాత కడతాడా?

పాతటూలెట్: తాతల దాకా పోకండి. విడి మీటర్లు పెట్టిస్తే తెల్లకార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల లోపు సర్కారు గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వస్తుంది, అద్దెకున్నా సరే. ఒక్క మీటరు పెట్టి మా నోటిదగ్గరిది లాగేస్తున్నారు.

ఇంటాయన: విడి మీటరు పెడితే రేపు ఇల్లు మాదే అంటారు. ఆ టెన్షన్ మీకేం తెలుసు?

మూడోఅంతస్తు: కరెంటు బిల్లుతో ఇల్లు రాసిచ్చేస్తారా ఎక్కడైనా? ఇదే నిజమైతే నాకు ఈపాటికి నాలుగిళ్లు ఉండాలి.

కొత్తసభ్యుడు: సర్కారు డబుల్ బెడ్రూమ్ ఇంటికి అప్లై చేయొచ్చు కదా? కొల్లూరులో 15,660 ఇళ్లు కట్టారు.

అంట్లగిన్నె: తమ్ముడూ, మా అత్తకి అక్కడే వచ్చింది. ఇల్లు బంగారంలా ఉంది, కాదనను. పొద్దున ఆరింటికి జూబ్లీహిల్స్‌లో పనికి ఎలా రావాలి? తాళం వేసి మళ్లీ యూసుఫ్‌గూడలో అద్దెకే ఉంటోంది.

కొత్తసభ్యుడు: మరి అవసరం ఉన్నవాళ్లకి ఇచ్చేయొచ్చుగా, ఊరికే తాళం ఎందుకు?

అంట్లగిన్నె: పిల్ల పెళ్లయ్యాక అత్తే అక్కడికి పోతుంది. నీకెందుకు?

రహమత్‌నగర్అక్క: ముందు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తా. మేం ఏడు కుటుంబాలం నిలబెట్టుకున్నాం. కోర్టుకి పోలేదు. ఓనరమ్మ పెద్దావిడ. ఏటా 300 పెంచుతామని కాగితం రాసిచ్చాం. అందరి అద్దె నేనే వసూలు చేసి 5వ తారీఖున ఆమె చేతిలో పెడతా. రేకులు కారితే మేమే వేయించుకుంటాం. ఎవరైనా ఖాళీ చేస్తే వారంలో మనిషిని మేమే చూస్తాం, బ్రోకర్ లేడు, ఖాళీ నెల లేదు. హాస్టల్‌కి లోను, లిఫ్టు, వంటవాళ్లు ఇవన్నీ కొడుకే లెక్కేసి వద్దన్నాడు. నాలుగేళ్లయింది. రేపు ఆమె పోతే ఏమవుతుందో మాత్రం చెప్పలేను.

కోర్టుమెట్లు: ఆ కాగితం 11 నెలలదా? ఎన్ని నెలలదైనా ఇక్కడ అద్దె కాగితం రిజిస్ట్రేషన్ చేయించాలి, లేకపోతే కోర్టులో నిలబడటం కష్టం.

రహమత్‌నగర్అక్క: 11 నెలలదే. ప్రతిసారీ కొత్తది రాసుకుంటాం.

ఇంటాయన: ఈ పద్ధతైతే నేనూ ఒప్పుకుంటా. మీటరు సంగతి తప్ప.

రేకులగది: అక్కా, మా ఓనర్‌కి ఇద్దరు కొడుకులు, పెద్దాయన అమెరికాలో. ఆయన్నీ అడగాలా? ఆదివారం ఆరుగురం కలిసి పోతున్నాం.

రహమత్‌నగర్అక్క: ఆరుగురూ పోతే గొడవకి వచ్చారనుకుంటారు. ఇద్దరు పోండి, అందులో ఒకరు ఆడమనిషి ఉండాలి. ముందు ఇక్కడున్న కొడుకుతో మాట్లాడండి.

కొత్తసభ్యుడు: అక్కా, మీ దగ్గర ఇప్పుడు ఏదైనా పోర్షన్ ఖాళీగా ఉందా? మేం ఇద్దరమే.