అప్‌డేట్: ముత్తాత ఆచూకీ సేత్వార్‌లో దొరికింది

హైదరాబాద్ శివారులోని మా ఊరికి ముత్తాతగారు ఎప్పుడు వలస వచ్చారో తెలుసుకొనే దారి చెప్పమని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. 1954-55 నాటి ఖాస్రా పహాణీతో (ఊరి భూములు, వాటి హక్కుదారుల రికార్డు) ఆగిపోక, దానికి ముందరి ఉర్దూ సేత్వార్ (నిజాం కాలంలో సర్వే నంబర్ల వారీగా పట్టాదారుల పేర్లు రాసిన భూముల రిజిస్టరు) నకలు తీయించమన్న సలహాయే ఫలించింది. నకలు చదివిపెట్టిన విశ్రాంత ఉర్దూ మాస్టారు, మేము ఇంటిపేరు కోసం వెతకడమే పొరపాటని, పట్టాదారు పేరు తర్వాత ‘వల్ద్’ అని రాసి తండ్రి పేరు ఇస్తారని వివరించి, మసకబారిన ఒక వరుస కింద వేలుంచి తండ్రీకొడుకులిద్దరి పేర్లూ చదివి వినిపించారు. నకలులో మమ్మల్ని తికమకపెట్టిన 1309 హిజ్రీ సంవత్సరం కాదు, ఫసలీ (నిజాం కాలంలో భూమిశిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం). 590 కలిపితే 1899. కాబట్టి 1908 మూసీ వరదలో ఇల్లు పోయి వచ్చారన్న మా నానమ్మ కథ (పాపం, ఎంత బాగా చెప్పేదో!) నిలవదు. జనాభా లెక్కల కోసం తిరిగిన తిరుగుడు మాత్రం ఎందుకూ పనికిరాలేదు.