పట్టుపురుగు అక్షరం గురించి కాస్త చెప్పండి

నమస్కారం. ఆరు నెలలుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. మాది హిందూపురం వైపు, ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. అందుకే పట్టుపురుగు అని అర్థమిచ్చే 蚕 అనే ఈ అక్షరం దగ్గర ఆగిపోయాను.

పైన ఆకాశం, కింద పురుగు. పది గీతలే. జపాన్‌లోనూ చైనాలోనూ ఇదే రూపం. తైవాన్‌లో మాత్రం కింద రెండు పురుగులుండే పాత రూపం, 24 గీతలు! జపనీయులు దీన్ని 'కైకో' అంటారు, అంటే పెంచుకునే పురుగు అని. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. పట్టు పెంపకానికైతే 'యోసాన్', అక్కడ ఇదే అక్షరం 'సాన్' అవుతుంది. చైనీస్‌లో 'త్సాన్', కొరియన్‌లో 'జమ్'.

పాతకాలంలో ఈ చిన్న రూపానికి వానపాము అనే అర్థం ఉండేదట. మరి పట్టుపురుగుకు ఎలా వచ్చింది? తేలిగ్గా రాయడానికేనా?

ఇంకొకటి. సియోల్‌లోని జమ్‌సిల్ అనే ప్రాంతం పేరుకు పట్టుపురుగుల గది అని అర్థం. కొరియన్లు మామూలుగా పట్టుపురుగును 'నుఎ' అంటారు కదా, ఆ పేరు వింటే వాళ్లకు పురుగు గుర్తొస్తుందా? అక్కడ ఉంటున్నవాళ్లు, కొరియన్ చదివినవాళ్లు దయచేసి చెప్పండి.