వరి దుబ్బుల్లో తిరిగే పచ్చని సన్న పురుగు దోమా, మిత్రపురుగా?

ప్రశ్న (పశ్చిమ గోదావరి):
మా సాంబ మసూరి చేను పిలక దశలో ఉంది. దుబ్బును వంచి చూస్తే నీటిమట్టానికి కాస్త పైన వరి రసం పీల్చే సుడిదోమలు ఆరేడు చొప్పున కనిపిస్తున్నాయి. వాటి మధ్యనే పొడవాటి మీసాలతో, తలా భుజాలూ నల్లగా ఉన్న పచ్చని సన్న పురుగులు గబగబా తిరుగుతున్నాయి. ఇవి పచ్చదోమలనీ, రెండింటికీ కలిపి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొట్టాలనీ దుకాణంలో చెప్పారు. కొట్టవచ్చునా?

మొదటి జవాబు:
దయచేసి ఆ మందు జోలికి వెళ్ళకండి. మీరు చెప్పిన పోలికలన్నీ మిరిడ్ నల్లివే, అది దోమలను అదుపు చేసే మిత్రపురుగు. పచ్చదోమను తాకబోతే అడ్డంగా జరిగి గెంతుతుంది. ఈ నల్లి గెంతదు, పరుగెత్తుతుంది. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు లోపల దాచిపెడుతుంది కనుక పిచికారీ చేసిన మందు వాటిని చేరదు; మిరిడ్ నల్లి మాత్రం సూదిలాంటి మూతిని సరిగ్గా అక్కడే గుచ్చి గుడ్డును పీల్చివేస్తుంది. పైరిథ్రాయిడ్ కొడితే ఈ నల్లులూ, దుబ్బుల మొదళ్ళలో పిల్లదోమలను వేటాడే తోడేలు సాలీళ్ళూ చనిపోతాయి. ఆ తరువాత గుడ్ల నుంచి వచ్చే పిల్లదోమలకు అడ్డే ఉండదు. మందు కొట్టాకే దోమ ఎక్కువైందని రైతులు అనడం ఊరికే కాదు. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించినది కూడా ఈ సుడిదోమ తీవ్రత వల్లనే.

రెండవ జవాబు:
అంతా నిజమే కానీ, మిత్రపురుగులపై భారం వేసి చేను వైపు చూడకుండా ఉండకూడదు. దోమ దుబ్బుకు 10–15 దాటి, నల్లులూ సాలీళ్ళూ పలుచగా ఉంటే బుప్రోఫెజిన్ లీటరు నీటికి 1.6 మి.లీ. కలిపి, మొదళ్ళు తడిసేలా కొట్టండి. అది పిల్లదోమలను కుబుసం విడవనీయదు. మిరిడ్ నల్లికి హాని తక్కువ.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. నాట్లప్పుడు మేము కాలిబాటలు వదలలేదు. ఇప్పుడేమైనా చేయగలమా?

మొదటి జవాబిచ్చినవారు:
ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. చొప్పున తూర్పు పడమరలుగా వదలవలసింది. ఇప్పుడు దుబ్బులను అటూ ఇటూ వంచి పాయలు తీసి మొదళ్ళకు గాలీ వెలుతురూ తగలనివ్వండి, నీరు తీసి చేనును ఆరబెట్టండి, యూరియా ప్రస్తుతానికి ఆపండి. గట్ల మీది గడ్డిని మొత్తం చెక్కించవద్దు, సాలీళ్ళు అక్కడే తలదాచుకుంటాయి.