హైలెస్సాకీ ఇంగ్లీషు ఓడ పాటకీ పొత్తు కుదరడం లేదు, సలహా చెప్పండి

బీసెంట్ నగర్ ఆల్టో:
చెన్నైలో మేం 18 మందిమి ఆదివారాలు కలిసి పాడుకుంటాం. సగం తెలుగువాళ్లం, మిగతావాళ్లు తమిళులు. ఈసారి సముద్రం పాటలతో ఒక పన్నెండు నిమిషాల ముక్క తయారు చేస్తున్నాం. ఇటు మన వల లాగే హైలెస్సా, అటు పాతకాలపు తెరచాప ఓడల మీద పాడిన 'హాల్ అవే జో'. రెండింట్లోనూ ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు కాబట్టి ఇట్టే కలిసిపోతాయనుకున్నాను. కలిస్తేనా! జో పాటది ఆరు దెబ్బల ఊగుడు. మాకొచ్చిన హైలెస్సా చతురస్రం, అంటే నాలుగు దెబ్బల నడక. దాన్ని తిశ్రంలోకి, అంటే మూడు దెబ్బల నడకలోకి మార్చి పాడితే, చీరాల నుంచి వచ్చిన మా అత్త విని "ఇది వల లాగినట్టు లేదే, కోలాటం ఆడినట్టుంది" అంది. పైగా డప్పు, కంజీర, కహోన్ (మీద కూర్చుని వాయించే చెక్కపెట్టె) మూడూ మోగితే గొంతులు వినబడవు. ఈ ఉక్కకి డప్పు సాయంత్రానికల్లా బొదబొదమంటోంది. ప్రోగ్రాం డిసెంబరులో. టెన్షన్‌గా ఉంది.

రాయపురం కుర్రాడు:
జో ఎందుకండీ, వెల్లర్‌మన్ పెట్టండి. 2021లో ఫోన్లన్నీ మోగిపోయాయి, జనం కూడా అందుకుంటారు.

అలివి వల:
తమ్ముడూ, అది న్యూజిలాండ్ తిమింగలాల వేట మీద కథ చెప్పే పాట. తాడు లాగే పాట కాదు. జో అలా కాదు, అందులో చివరి 'జో' దగ్గర అందరూ ఒక్కసారి గట్టిగా లాగుతారు. మిగతా చరణమంతా ఊపిరి తీసుకోవడానికే.
అమ్మా, మాది నెల్లూరు జిల్లా తీరం. ఇప్పుడు ఉద్యోగం అంబత్తూరులో. చిన్నప్పుడు అలివి వల లాగేవాళ్లతో నేనూ చెయ్యి వేసేవాణ్ణి (లాగింది తక్కువ, వేలాడింది ఎక్కువ). పడవ వెళ్లి వలను అర్ధచంద్రంలా దింపి వస్తుంది. ఒడ్డున రెండు తాళ్లు, రెండు జట్లు. మా వాళ్లు 'హై' దగ్గర పట్టు బిగించి 'లెస్సా' దగ్గర లాగేవాళ్లు. ఒక జట్టు ముందుకు పోతే వల వంకర తిరుగుతుంది. వల దగ్గరికొచ్చే కొద్దీ రెండు జట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి.
మీరూ అలాగే నిలబడండి. ఒక జట్టుకి జో, ఇంకో జట్టుకి హైలెస్సా. నడకలు మార్చొద్దు, లాగుడు ఒక్కటే కలపండి. నిజం తాడు కట్టి పాడండి, ఎక్కడ తప్పుతున్నారో చేతులే చెబుతాయి. డప్పు ఆ లాగుడు దగ్గర ఒక్క దెబ్బ వేస్తే చాలు. వల ఒడ్డుకొచ్చాక మూడూ వాయించుకోండి.

మైలాపూరు కంజీర:
డప్పుని గడ్డి మంట దగ్గర కాచాల్సిందే. ఫ్లాటులో కుదరదంటే ఫైబర్ డప్పు తీసుకోండి. ఇస్త్రీపెట్టె మాత్రం వద్దు, నేనొకటి చీల్చుకున్నాను. కంజీరకి నీళ్లు కూడా చూసి చల్లండి, ఈ గాలికి అదే దిగిపోతుంది.

బీసెంట్ నగర్ ఆల్టో:
అన్నా, నిన్న మేడ మీద నీళ్ల ట్యాంకు స్తంభానికి తాడు కట్టాం. మొదటి పదిసార్లు 'జో' ఒకచోట, 'లెస్సా' ఇంకోచోట. తర్వాత ఒకసారి రెండూ కలిసి పడ్డాయి. అందరం నవ్వేసి తాడు వదిలేశాం. మా బేస్ పాడే ఆయన అరచెయ్యి దోక్కుపోయింది, వాచ్‌మన్ పైకొచ్చి ట్యాంకు పడిపోతుందని కేకలేశాడు. తమిళ జట్టు 'ఐలసా' అంటామంటున్నారు. ఒకే తాడు మీద లెస్సా, ఐలసా రెండూ నడుస్తాయా?

అలివి వల:
మా రేవులో నడిచేవి. స్తంభం మార్చండి ముందు.