అప్‌డేట్: టేబుల్ వల్ల తప్పిన రెఫరెన్స్ నంబర్లు సరయ్యాయి

హనుమకొండ నుంచి పోయిన వారం నేను అడిగింది ఇదే: పీజీ థీసిస్‌ను జర్నల్ పేపర్‌గా కుదిస్తుంటే, 13 నంబర్ రెండు వేర్వేరు రెఫరెన్సులకు కనబడుతోంది అని. అందరికీ థ్యాంక్స్, దొరికింది.

తప్పు జొటెరోది (రెఫరెన్సులకు నంబర్లు తనే వేసే సాఫ్ట్‌వేర్) కాదు. జర్నల్ అడిగినట్టు టేబుల్ 1ని ఫైల్ చివర పెట్టాను. దాంతో టేబుల్‌లో మాత్రమే ఉన్న రెఫరెన్సులకు ఆఖరి నంబర్లు పడ్డాయి. వాంకూవర్ పద్ధతిలో (రెఫరెన్సులకు అవి వచ్చిన వరుసలో నంబర్లు వేసే పద్ధతి), పాఠంలో ఆ టేబుల్ ప్రస్తావన మొదట వచ్చిన చోటును బట్టి వాటికి నంబర్ పడాలి. అది సరిచేద్దామని 13ని చేత్తో టైప్ చేయడం అసలు పొరపాటు. చేత్తో కొట్టిన నంబర్ జొటెరోకు కనబడదు, అదే 13ని ఇంకో రెఫరెన్స్‌కు వేసేస్తుంది.

చేసింది: టేబుల్‌ను ప్రస్తావన ఉన్న పేరా కిందికే తెచ్చి, చేతి నంబర్లు తీసేసి, సైటేషన్లు మళ్లీ పెట్టి రిఫ్రెష్ కొట్టాను. తర్వాత ఫైల్‌కు కాపీ తీసి, ఆ కాపీలోనే అన్‌లింక్ చేసి (అంటే జొటెరోతో సంబంధం తెంచి, నంబర్లను మామూలు అక్షరాలుగా మార్చి), టేబుల్‌ను చివరికి జరిపాను. అసలు ఫైల్‌లో అన్‌లింక్ చేయకండి, రివిజన్ వస్తే లింకులు మళ్లీ రావు.

మన పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంటిపేరు ముందుండే మన పద్ధతిలో జొటెరో ఒక్కోసారి ఇంటిపేరును ఇనీషియల్ చేసేస్తుంది. పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్ల ఆన్‌లైన్ జాబితా) పేరు ఎట్లుందో చూసి, అట్లనే దిద్దాలి. రచయితలు ఆరుగురు దాటితే ‘ఎట్ ఆల్’ (మరికొందరు) అని పెట్టాలా, అందరినీ రాయాలా అన్నది ఆ జర్నల్ సూచనల్లోనే చూడండి.